రెండు డబ్బాల సముద్రం

గొట్టం చివర ఒక చుక్క ఊరి, బరువెక్కి, బకెట్లో పడింది. దాని వెనకే ఇంకొకటి. సెకనుకు రెండు చుక్కలు బాబాయ్, గంటసేపు, తొందరపడొద్దు, అని చెప్పి వెళ్ళింది టామ్సిన్, సెలైను సీసా గురించి నర్సు చెప్పినట్టు. పగడానికి సెలైను! రెక్స్ హాలొరన్ కుర్చీని వెనక్కి తిప్పి వేసుకుని, దాని వీపు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద అరవై లీటర్ల గాజుతొట్టి, దాంట్లోంచి కిందికి దిగిన, వదులుగా ముడివేసిన సన్నటి గొట్టం, నేల మీద బకెట్, అందులో సంచీ నీళ్ళతో సహా వంచిన స్కోలీ. వరసగా అన్నిటినీ చూసి మూతి విరిచాడు. స్కోలీ అంటే అరచేతి కంటే కాస్త పెద్ద పగడం, ఎర్రటి కండ, కండ మీద ఆకుపచ్చ చారలు, లోపలి ఎముక కనబడకుండా ఉబ్బి ఉంటుంది. ఇరవయ్యారేళ్ళలో ఇలాంటివి ఎన్ని వేలు ఏరి ఉంటాడో తనకే తెలియదు. ఇరవై మీటర్ల లోతున బురదనేల మీద కనబడితే, పెనం మీది అట్టు లేపినట్టు లేపి, నడుముకు కట్టిన బుట్టలో పడేసి, వెనక్కి చూడకుండా తర్వాతి దాని మీదికి పోయేవాడు. అప్పుడు దీని బాగోగులు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మాత్రం దొరసానికి కొత్త నీళ్ళు అలవాటు కావాలట, ఒక్కసారిగా దింపితే తట్టుకోలేదట, అందుకని యాభై ఎనిమిదేళ్ళ మగవాడు శనివారం పొద్దున్నే పని మానుకుని దాని ముందు కూర్చోవాలట. పని మానుకుని అనడానికి అసలు పనంటూ ఏమీ లేదనుకో, అది వేరే సంగతి.

గాజుపెట్టెల వాళ్ళంటే రెక్స్‌కు మొదటినుంచీ అసహ్యమే. తన చేత్తో తీసిన పగడాలు ఎక్కడెక్కడికో విమానాలెక్కి పోయేవి, మెల్బోర్న్‌లో పళ్ళడాక్టర్ల ముందరి గదుల్లోకి, ఇంకా దూరాన మంచు కురిసే ఊళ్ళలోకి. జన్మలో మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగని మనుషులు వాటి ముందు సోఫాల్లో కూర్చుని, నీలం దీపాలు వెలిగించుకుని, మా రీఫ్, మా పగడాల దిబ్బ అని ముచ్చటపడతారు. వాటికి పేర్లు పెడతారు. పగడం ఇవాళ ముభావంగా ఉందని కంప్యూటర్లో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు, ఫొటోలతో సహా. వాల్ ట్రెంబత్ బతికున్న రోజుల్లో పడవ మీద ఆ ఉత్తరాలు పైకి చదివి వినిపిస్తే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. వాల్ ఆ పడవకు యజమాని, రెక్స్‌కు స్నేహితుడు, ఈ టామ్సిన్‌కు తండ్రి. సముద్రాన్ని గాజుపెట్టెలో పెట్టుకోవడమంటే ఏనుగును అగ్గిపెట్టెలో పెట్టుకోవడమేరా అనేవాడు. అన్నవాడు పోయాడు. నవ్వినవాడు మాత్రం ఇదిగో, తన ఇంట్లోనే ఒక అగ్గిపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు.

దీనికంతటికీ మూలం ఆ డాక్టరు. టౌన్స్‌విల్ ఆసుపత్రిలో, కాలి మేజోళ్ళు కూడా ఎప్పుడూ తడవనివాడు, గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకున్నవాడు. పోయిన జూన్‌లో పడవ మీంచి గొట్టంలో గాలి పంపే మిషను ఆగిపోయి, రెక్స్ ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకొచ్చేస్తే, రక్తంలో బుడగలు పుట్టి తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర కొరుక్కుతిన్నాయి. ఇనప పీపాలాంటి గదిలో రెండు రోజులు పడేసి, ఆ బుడగలు కరగడానికి గాలి నొక్కారు. బయటికొచ్చాక ఆ డాక్టరు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, మళ్ళీ నీళ్ళలోకి దిగితే ఈసారి చక్రాల కుర్చీలో పైకొస్తారు మిస్టర్ హాలొరన్, అన్నాడు. అంతే. ఇరవయ్యారేళ్ళ బతుకును ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ తర్వాత నుంచీ భార్య గ్లెనిస్ రోజుకొక ఉద్యోగం వెతికి పెట్టడం మొదలుపెట్టింది. బేకరీలో పొద్దున షిఫ్టు చేసి వస్తూ వస్తూ, రొట్టెతో పాటు ఒక వార్త కూడా తెచ్చేది. మామిడికాయల ప్యాకింగ్ షెడ్డులో ట్రాలీ తోలేవాడు కావాలట. సెలవుల కుటీరాల పార్కులో గడ్డికి నీళ్ళు పెట్టేవాడు కావాలట. స్కూలు ముందు రోడ్డు దాటించే మనిషి కావాలట.

"గుండ్రటి పలక పట్టుకుని నిలబడటమేగా," అంది గ్లెనిస్. "నోరు తెరిచే పని లేదు. ఊళ్ళో పిల్లల అదృష్టం."

పసుపు చొక్కా తొడుక్కుని, చేతిలో కర్రకు గుండ్రటి పలక, పిల్లలు గుడ్‌మార్నింగ్ మిస్టర్ హాలొరన్ అంటూ దాటిపోతుంటే, హార్బర్ నుంచి పడవలవాళ్ళు బండ్లలో పోతూ హారన్ కొట్టి నవ్వుతుంటే! దానికంటే చక్రాల కుర్చీయే నయం అనుకున్నాడు. అందుకనే, వేరే దిక్కులేక, టామ్సిన్ దగ్గరికి పోయాడు. నడక నేర్చుకునే రోజుల్లో తన బూట్ల లేసులు విప్పేసిన పిల్ల. వాల్ పోయాక పడవనూ షెడ్డునూ పట్టాలెక్కించింది, పగడాల తొట్లకు ఒక పెద్ద గది కట్టింది, దాంట్లో చూసుకునే మనిషి మానేశాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఆ పని నాకివ్వు అన్నాడు. అడగలేదు, అన్నాడు. ఇచ్చి తీరుతుందనే ధైర్యం.

"నీకు పగడం తియ్యటం వచ్చు బాబాయ్. బతికించటం రాదు."

"బతికించటమేంటే? అదేమన్నా కోడిపిల్లా?"

"ఇరవయ్యారేళ్ళలో ఒక్క పగడాన్నయినా మర్నాడు చూశావా నువ్వు?"

రెక్స్ నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఎయిర్లీ ఊరి నుంచి ఒకతను దరఖాస్తు పెట్టాడని, అతనికి సర్టిఫికెట్టు కూడా ఉందని చెప్పింది. అయినా నీకొక అవకాశం ఇస్తాను, ఇంట్లో నీ చేతులతో ఒక చిన్న తొట్టి పెట్టు, ఆరో వారం నేనే ఒక స్కోలీ తెచ్చిస్తాను, అది నీ నీళ్ళలో విచ్చుకుంటే సోమవారం నుంచి తొట్ల గది నీది, అంది. పరీక్ష! తను ఈత నేర్పిన పిల్ల తనకు పరీక్ష పెట్టింది. ఇంటికొచ్చేదాకా దారంతా తిట్టుకుంటూనే వచ్చాడు. వచ్చి, ముందరి గదిలో బల్ల మీద రసమట్టం పెట్టి, ఎత్తుపల్లాలు సరిచేశాడు.

ఆరు వారాలు. ఏమీ లేని నీళ్ళను అన్ని వారాలు చూస్తూ కూర్చోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి ఉంటుందా? మొదట ఇసక పోశాడు, నీళ్ళు మజ్జిగలాగా తెల్లబడి రెండు రోజులకు గాని తేరలేదు. షెడ్డు నుంచి టామ్సిన్ పంపిన నీళ్ళు అవి, వాటితో పాటు తడిగుడ్డలో చుట్టి రాళ్ళు. మామూలు రాళ్ళు కావు, బతికున్నవి బాబాయ్, వాటిలో కంటికి కనబడనివి ఉంటాయి, అవే నీళ్ళను శుభ్రం చేస్తాయి, అంది. బతికున్న రాళ్ళు వారం రోజులు కుళ్ళు కంపు కొట్టాయి, గ్లెనిస్ కిటికీలన్నీ తెరిచిపెట్టి ముక్కు మూసుకుని తిరిగింది. తర్వాత గాజు మీద గోధుమరంగు పొర పట్టింది, అది పోయాక ఆకుపచ్చ నాచు గడ్డంలాగా పెరిగింది, దాన్ని గీకి తినడానికి మూడు నత్తలు వచ్చాయి. పంపు, హీటరు, దీపం, ఒక్కొక్కటి తగిలించినప్పుడల్లా గోడకున్న ప్లగ్గుల దగ్గర వైర్లు పాముల్లా చుట్టుకున్నాయి. ఇన్ని మిషన్లు పెట్టి చేసే పనిని బయట చంద్రుడొక్కడే చేస్తున్నాడని ఎవరికీ తోచదు. అయితే ఒకటి. ఎవరితోనూ అనలేదు గానీ, నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, రాతి కింది కన్నంలోంచి దారంలాంటి చెయ్యి ఒకటి బయటికొచ్చి ఇసకను తడిమింది. తర్వాత ఇంకోటి. ఐదు చేతుల చిన్న నక్షత్రచేప, వేలిగోరంత, రాయితో పాటే వచ్చి నెలరోజులుగా అందులోనే కాపురముంది. రెక్స్ ఆ రాయిని ఒక్క నిమిషం కంటే ఎక్కువసేపు చూసిన మొదటిసారి అది. గంటన్నర చూశాడు. టీ చల్లారిపోయింది. గ్లెనిస్ వచ్చి ఏం చూస్తున్నావంటే, ఏం లేదు, హీటరు సరిగా ఉందో లేదో అన్నాడు.

వంటింట్లోంచి గ్లెనిస్ గొంతు వినబడింది ఇప్పుడు. "ఏమయ్యా, బకెట్లో ఆవిడకి కాఫీ ఏమన్నా కలపనా? పాలెక్కువా, తక్కువా?"

"నీ పని చూసుకోవే," అన్నాడు. చుక్క పడింది. చుక్క పడింది. గోడ మీద గడియారం తొమ్మిది ఇరవై. పదింటికి వస్తుంది పరీక్షాధికారి. వచ్చి చేతులు కట్టుకుని, తల ఒకవైపు వంచి చూస్తుంది, అచ్చం వాల్‌లాగే. చూడనీ. నీళ్ళు ఇంత తేటగా ఏ షెడ్డులోనూ ఉండవు. నిన్ననే సగం నీళ్ళు తోడేసి, కొత్తవి పోశాడు. పోసే ముందు టామ్సిన్ ఇచ్చిన ఉప్పుపొడి డబ్బా చూసి చిర్రెత్తుకొచ్చింది. శుద్ధి చేసిన మంచినీళ్ళలో ఆ పొడి ఇంత గరిటె చొప్పున కలిపి, రాత్రంతా తిప్పి, కంటికి పెట్టుకుని చూసే ఒక గొట్టంతో ఉప్పు కొలుచుకోవాలట. సముద్రం తన ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది. దాని పక్కన కాపురముంటూ డబ్బాలో సముద్రం కొనుక్కునేవాణ్ణి ఏమనాలి? ఆ డబ్బా మూత కూడా తీయలేదు, బట్టలుతికే గదిలో సబ్బుల పక్కన పడేశాడు. కొలిచే గొట్టం దాని పెట్టెలోనే ఉంది, చుట్టిన మైనపు కాగితం కూడా విప్పలేదు. రెండు తెల్ల డబ్బాలు బండిలో వేసుకుని హార్బర్‌లో పడవలు దింపే ర్యాంపు దగ్గరికి పోయాడు. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన అప్పుడే వెలిసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది, పోటు ఎక్కుతోంది, నీళ్ళు ఆకుపచ్చగా అడుగు కనబడేలా ఉన్నాయి. ర్యాంపు పక్కనున్న చెక్కల గట్టు మీద బోర్లా పడుకుని, ఒక్కొక్క డబ్బా మూతి వరకూ ముంచి నింపాడు. మోకాళ్ళు సలిపాయి. అయినా ఏదో తృప్తి, చేతులు మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో ఆడి ఎనిమిది నెలలయింది మరి. పక్కన గాలం వేసుకున్న ముసలాయన, ఏంటి రెక్స్, సముద్రాన్ని ఇంటికి మోస్తున్నావా, అన్నాడు. అవును, నమ్మకమైన కొట్లోంచి కొంటున్నాను, అన్నాడు రెక్స్. ఇద్దరూ నవ్వారు.

నత్తలకేమయింది? పొద్దున్నించీ గాజు మీద ఒక్కటీ కనబడటం లేదు. రెక్స్ కాస్త ముందుకు వంగి చూశాడు. మూడూ ఇసక మీద పడున్నాయి, తలుపులు బిగించుకుని, వెల్లకిలా. తిండికి తప్ప దేనికీ పనికిరాని జీవాలు, నాచు అయిపోయేసరికి పడకేశాయి, జీతం అందని పనివాళ్ళలాగా. రాళ్ళ మీద చిన్న చిన్న ఈకల పురుగులుంటాయి, పూట పూటకీ గొడుగులు విప్పి ముడుస్తుంటాయి. అవి కూడా ఇవాళ గొడుగులు విప్పలేదు. కొత్త నీళ్ళ మత్తేమో అనుకున్నాడు. అనుకుని, బకెట్ వైపు చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచాడు. స్కోలీ కండ కిందికి దిగిపోయింది. పావుగంట కింద బూరెలా ఉబ్బి ఉన్నది, ఇప్పుడు చుట్టూ అంచులకు ఎముక పళ్ళు తెల్లగా బయటపడుతున్నాయి. నోటి దగ్గర సన్నటి జిగురు దారాలు తేలుతున్నాయి. ఇలాంటి పగడాన్ని తను ఎప్పుడూ చూడలేదు. కాదు, చూశాడు. ఎక్కడో చూశాడు. జబ్బు ముక్కను అంటగట్టింది టామ్సిన్, అనుకున్నాడు ముందు. ఎయిర్లీ వాడికి పని ఇవ్వాలని ముందే నిర్ణయించుకుని, పరీక్ష పేరుతో చచ్చేదాన్ని నా చేతిలో పెట్టింది, వాల్ కూతురు వాల్ అంత మంచిదని ఎవరన్నారు? ఆ మాట మనసులో పూర్తికాకముందే బకెట్ మీద వంగి ఉన్న అతని కళ్ళ ముందు ఒకటి కదిలింది. గొట్టం చివరి చుక్క బకెట్ నీళ్ళలో పడిన చోట, ఒక క్షణం, ఎండాకాలం తారురోడ్డు మీద గాలి కదిలినట్టు నీళ్ళు వణికాయి. నీళ్ళలో వేరే నీళ్ళు కలిస్తే కనబడే వణుకు అది.

జిడ్డునీళ్ళు. పడవ మీద దాన్ని అలాగే అనేవాళ్ళు. వానాకాలంలో తీరం దగ్గర దిగితే, మొదటి మీటరు, మీటరున్నర అంతా ఆ వణుకే, ముఖానికున్న అద్దంలోంచి చూస్తే నూనె రాసిన గాజులోంచి చూసినట్టుండేది, సొంత చెయ్యి కూడా రెండుగా కనబడేది. ఇంకాస్త కిందికి జారగానే ఠక్కున తేటపడేది. వాననీళ్ళు తేలిక, సముద్రం మీద దుప్పటిలాగా పరుచుకుంటాయి. అది ఎవరూ చెప్పక్కర్లేదు, ఒంటికి తెలుసు. ఆ దుప్పటిని ఎన్ని వందలసార్లు చీల్చుకుని కిందికి పోయాడు, ఎన్ని వందలసార్లు పైకొచ్చాడు! ఒక్కసారి కూడా దాంట్లో బకెట్ ముంచలేదు. సముద్రమంటే అతనికి అడుగు, పై మీటరు కేవలం గుమ్మం. గుమ్మంలోంచి తోడి తెచ్చుకుని సముద్రం తెచ్చాననుకున్నాడు.

తొట్టిలో వేలు ముంచి నాలికకు రాసుకున్నాడు. తర్వాత టామ్సిన్ ఇచ్చిన సంచీ అడుగున మిగిలిన నీళ్ళలో ముంచి రాసుకున్నాడు. రెండోది నాలికను కొరికింది. మొదటిది పథ్యం చారులాగా ఉంది. గొట్టాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు, చుక్క ఆగింది. నత్తలు అలిగి పడుకోలేదు, ఉప్పు చాలక తలుపులేసుకున్నాయి. నక్షత్రచేప చేతులు కూడా ఇవాళ బయటికి రాలేదు. ఓరి తెలివితక్కువ దద్దమ్మా, అన్నాడు పైకే. గాజుపెట్టె ముందు కూర్చున్న పళ్ళడాక్టరు కూడా చెయ్యని తప్పు. ఎందుకంటే పళ్ళడాక్టరుకు సముద్రం తెలియదు, తెలియదని వాడికి తెలుసు, అందుకని ఉప్పు కొలుచుకుంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఇలాంటి పగడాలను ఎక్కడ చూశాడో. పదకొండేళ్ళ కిందటి ఫిబ్రవరి, ఇలాగే వానల కాలం. పడవ నిండా పెట్టెలు, పెట్టెల నిండా స్కోలీలు, ముప్పై ఎనిమిది, వారం రోజుల పంట. హార్బర్‌లోకి వచ్చి చూస్తే లారీ లేదు, వానలకు రోడ్డు మునిగింది. మధ్యాహ్నం మూడు దాకా ఆగాల్సొచ్చింది. పెట్టెల్లో నీళ్ళు వేడెక్కుతున్నాయని, పగడాలు ఉడికిపోతాయని, పైపును పడవ పక్కనుంచి కిందికి జారవిడిచి, పంపు వేసి, అన్ని పెట్టెలకూ తాజా నీళ్ళు పెట్టినవాడు ఎవరు? రెక్స్. ఎవరూ అడక్కుండానే, మంచి చేస్తున్నాననుకుని. హార్బర్ నీళ్ళు వద్దు, రీఫ్ దగ్గర తోడినవే పొయ్యాలి అని వాల్ ఎప్పుడూ అనేవాడు. అది డీజిలు మరకల భయం అనుకున్నాడు రెక్స్, ఆ రోజు డీజిలు మరకలు లేవు. సాయంత్రానికి షెడ్డులో పెట్టెలు తెరిస్తే ముప్పై ఎనిమిదీ ఇలాగే, పళ్ళు బయటపెట్టి, జిగురు కారుతూ ఉన్నాయి. మూతలు చూసుకునే పని డెనిస్ కార్మొడీది. రెక్స్ కంటే పదేళ్ళు పెద్ద, పెద్దగా మాట్లాడడు. మూతలు తీసి వానలో వదిలేశాడు, వాననీళ్ళు పడి చచ్చాయి, అన్నాడు రెక్స్. లేదు, మూతలు వేసే ఉన్నాయి, నువ్వు హార్బర్‌లోంచి తోడిన నీళ్ళు ఎలాంటివో చూడు, అన్నాడు డెనిస్, మెల్లగానే. అప్పుడు రెక్స్ పడవలన్నిటికీ వినబడేలా అరిచిన మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వినండర్రా, సముద్రం నీళ్ళు పడక పగడం చచ్చిందట! హార్బర్ అంతా నవ్వింది. వాల్ కూడా నవ్వాడు, నవ్వి, ఆ వారమే డెనిస్‌ను పనిలోంచి తీసేశాడు. ముప్పై ఎనిమిది స్కోలీలను చంపినవాణ్ణి ఇంకే పడవా ఎక్కించుకోలేదు. ఆయన ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పచ్చిక కోస్తున్నాడు. బేకరీ ముందు ఎదురుపడితే రెక్స్ ఆయన మొహం వైపు కూడా చూడడు, చేతకానివాళ్ళ మొహాలు చూడటం అతనికి ఇష్టముండదు.

పదకొండేళ్ళు. బొటనవేలు నొప్పెడుతున్నా గొట్టం వదల్లేదు. వదిలితే చుక్కలు పడతాయి, ముడి గట్టిగా బిగిస్తే సరిపోతుందని ఆ నిమిషంలో తోచలేదు. ఇంకా పావుగంట ఉంది. స్కోలీని సంచీ అడుగున మిగిలిన నీళ్ళలో వేసేయొచ్చు. నువ్విచ్చిందే జబ్బుది అనొచ్చు. హీటరు పాడయింది అనొచ్చు, గ్లెనిస్ నేల తుడిచే మందు పడింది అనొచ్చు. చెప్పడం అతనికి కొత్త కాదు, లారీవాడి మీద, విమానం మీద, కొన్నవాడి మీద ఎన్నిసార్లు చెప్పలేదు? ప్రతిసారీ నమ్మారు, ఎందుకంటే రెక్స్ హాలొరన్‌కు సముద్రం తెలుసు. అసలు తనెప్పుడైనా అబద్ధం చెప్పాడా అంటే, లేదు, అదే దారుణం. నిజమనుకునే చెప్పాడు. తను తప్ప మిగతా ప్రపంచమంతా పనికిమాలినదని అనుకునేవాడికి అబద్ధమాడాల్సిన పనే పడదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ ఇంట్లో, ఈ కుర్చీలో, ఎవరూ చూడకుండానే అంత సిగ్గు పుడుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

తలుపు తట్టే అలవాటు టామ్సిన్‌కు లేదు. బూట్లు గుమ్మంలో వదిలి లోపలికొచ్చి, అతన్నీ బకెట్‌నూ చూసి ఆగిపోయింది.

"ఏంటి బాబాయ్, గొట్టాన్నట్లా గొంతు పిసికినట్టు పట్టుకున్నావు?"

"నీళ్ళు చెడగొట్టాను."

"ఎక్కడివి పోశావు?"

"ర్యాంపు దగ్గరివి. నిన్న."

"వాన వెలిసిన రోజునా?" అంది. మందలించలేదు. గొట్టం మీద ముడి బిగించి అతని వేలికి విడుదల ఇచ్చింది. పెట్టెలోంచి ఉప్పు కొలిచేది తీసి, మైనపు కాగితం విప్పి, తొట్టి నీటిచుక్క ఒకటి వేసి, కిటికీ వైపు తిరిగి చూసింది. తర్వాత అతని చేతికిచ్చింది. అతను ఒక కన్ను మూసి చూశాడు. నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె ఉంది.

"ఇరవయ్యేడు," అన్నాడు.

"ముప్పై అయిదు ఉండాలి. ఫర్లేదులే, స్కోలీ పోదు. బండిలో షెడ్డు నీళ్ళున్నాయి, దాన్ని వాటిలోకి మార్చేస్తాను. తొట్టిలో ఉప్పును రెండు మూడు రోజుల్లో మెల్లగా పైకి తెద్దాం. నత్తల సంగతి చెప్పలేను." ఆమె బకెట్ పక్కన గొంతుక్కూర్చుని అతని మొహంలోకి చూసింది. "ఈ తప్పు అందరూ చేస్తారు బాబాయ్. చచ్చాక చెబుతారు. నువ్వు బతికుండగానే చెప్పావు. సోమవారం ఏడింటికి వచ్చెయ్."

అంతే. ఇంత తేలిగ్గా అయిపోయింది. ఇక్కడ నోరు మూసుకుంటే తొట్ల గది అతనిది. నీళ్ళ చప్పుడు, పగడాల వాసన, చచ్చేదాకా సముద్రం పక్కన పని, పసుపు చొక్కా లేదు, గుండ్రటి పలక లేదు. గ్లెనిస్ వంటింటి గుమ్మంలోకి వచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఇంకోటుంది," అన్నాడు రెక్స్. "డెనిస్ కార్మొడీ పెట్టెలు. ముప్పై ఎనిమిది. మూతలు ఆయన తియ్యలేదు. నేనే హార్బర్‌లోంచి తోడి పోశాను. ఇవే నీళ్ళు."

టామ్సిన్ బకెట్ అంచు పట్టుకుంది. పంపు గురగురమంటోంది.

"నాన్నకు తెలుసా?"

"తెలీదు. నాకే తెలీదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇందాక. పావు తక్కువ పదికి."

"పోవడానికి వారం ముందు కూడా డెనిస్ పేరెత్తితే తిట్టాడు మా నాన్న." ఆమె గొంతులో కోపం ఉంది. "నాన్నను చూడటానికి ఆసుపత్రికి వచ్చాడు డెనిస్. లోపలికి రానివ్వలేదు."

"తిట్టించింది నేనే."

"నాకెందుకు చెబుతున్నావు మరి? నేనేం చేసుకోను ఈ మాటను?" లేచి నిలబడింది. "సోమవారం రమ్మన్నాను. ఆ మాట నిలవాలంటే, ఈలోగా ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పి రా. ఇక్కడ నేను చూసుకుంటాను."

బల్ల మీద బండి తాళాలున్నాయి, చేయి చాచితే అందుతాయి. రెక్స్ చాచలేదు. పడవలన్నిటికీ వినబడేలా అరవడం వచ్చినవాడికి, ఒక మనిషి గుమ్మంలో నిలబడి మెల్లగా ఏమనాలో ఒక్క ముక్క తోచలేదు. అదీగాక ఇంకొక చిక్కు. ఇంత చిన్న ఊళ్ళో, పదకొండేళ్ళలో, ఆయన ఎక్కడుంటాడో ఎప్పుడూ తెలుసుకోలేదు.

"డెనిస్ ఇల్లెక్కడే?" అన్నాడు, గ్లెనిస్ వైపు చూడకుండా.

"రైలుపట్టాల అవతల, నీళ్ళ ట్యాంకు దాటాక రెండోది. ముందర గేటు ఊడిపోయి ఉంటుంది."

"నీకెట్లా తెలుసు?"

"నువ్వు పడవ మీదున్నప్పుడు మన పచ్చిక ఎవరు కోశారనుకున్నావయ్యా ఇన్నేళ్ళూ?" గ్లెనిస్ తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. "బండి మీద పో. నడిచి వెళ్తే సగం దారిలో తిరిగొచ్చేస్తావు."